హోస్టాకు వన్నూరమ్మ నీడ

ఎర్రబోడుపల్లె ఉన్నత పాఠశాలకు నీడ తోట మంజూరయ్యేనాటికి ఆ బడి ఆవరణలో గోరంత నీడ లేదు.

అంతకు ముందు సంవత్సరం దాకా ఉండేది. రెండు వేపచెట్లు, ఒక కానుగ చెట్టు బడి ముందర గొడుగుల్లా నిలబడి ఉండేవి. అయితే మిద్దె మీద సౌర ఫలకాలు బిగించే పథకం ఒకటి వచ్చింది. ఫలకాల మీద నీడ పడరాదని నిబంధన ఉండటంతో మూడు చెట్లనూ మొదలంటా కొట్టించారు. తర్వాత ఫలకాలు రాలేదు. అవి రాకపోయినా, ఒకవేళ వచ్చి ఉంటే వాటి మీద నీడ పడే ప్రమాదం మాత్రం శాశ్వతంగా తప్పిందని ప్రధానోపాధ్యాయుడు గోవర్ధనాచారి తృప్తిపడ్డాడు.

ఇంతలో పైస్థాయి అధికారి ఒకాయన వేసవిలో ఏదో చలిదేశం వెళ్లి, అక్కడ చెట్ల కింద పెరిగే హోస్టా అనే మొక్కను చూసి మనసు పారేసుకున్నాడు. మన పిల్లలు చదువులో వెనకబడటానికి కారణం హోస్టా లేకపోవడమేనని ఆయనకు విమానంలోనే తోచింది. దిగీ దిగగానే బడికొక నీడ తోట, తోటకొక హోస్టా అని ఉత్తర్వు వెలువడింది. నీడను పర్యవేక్షించడానికి మండలానికొక ఛాయాధికారి కూడా వెలిశాడు.

ఎర్రబోడుపల్లెకు హోస్టా ఏసీ కారులో వచ్చింది. ముందు సీట్లో మొక్క, వెనక సీట్లో ఛాయాధికారి త్రివిక్రమరావు. తడి గోనెపట్టా విప్పి మొక్కను దించుతుంటే బడి బడంతా మూగింది. చేమాకంత వెడల్పు ఆకులు. ఆకు నడుమ చిక్కటి పచ్చ, చుట్టూ పాలమీగడలాంటి తెల్లటి అంచు. కొత్త చీర మడత విప్పినట్టు ఉంది. మధ్యాహ్న భోజనం వండే లింగమ్మ ముందుకొచ్చి ఒక ఆకును వేళ్లతో నలిపి చూసి, ఇది పప్పులోకి పనికొస్తాదా సార్ అని అడిగింది. ఛాయాధికారి ముఖం పాలిపోయింది. లింగమ్మను మొక్కకు పది గజాల లోపు రానివ్వరాదని ఆయన అక్కడికక్కడే మౌఖిక ఆదేశం ఇచ్చాడు.

మొక్కను ఆవరణ మధ్యలో నాటారు. తర్వాత ఆయన మార్గదర్శకాలు వినిపించాడు. సదరు మొక్క నేరుగా ఎండ తగిలితే మాడిపోవును. ముఖ్యంగా తెల్లని అంచు మిక్కిలి సుకుమారము. కావున నిరంతర ఛాయ కల్పించవలెను. సదరు ఛాయ సజీవ ఛాయ అయి ఉండవలెను. పందిరి, గొడుగు, పరదా, తాటాకు మొదలగునవి ప్రాణం లేనివి గనుక అనుమతించబడవు.

గోవర్ధనాచారి చేతులు నలుపుకుంటూ, చెట్లు లేవు కదా సార్ అన్నాడు.

"మొక్కలు నాటండి. ఎనిమిదేళ్లకో పదేళ్లకో చెట్లవుతాయి."

"అప్పటిదాకా సార్?"

"తాత్కాలిక ఏర్పాట్లు చేసుకోవలసిన బాధ్యత పూర్తిగా పాఠశాలదే."

ఈ మాటలు జరుగుతున్నంతసేపూ గోవర్ధనాచారి భక్తిగా మొక్క మీదికి వంగి నిలబడి ఉన్నాడు. ఆయన నీడ దుప్పటిలాగా హోస్టాను కప్పింది. ఛాయాధికారి కంటపడింది ముందు ఆ నీడ, తర్వాత ఆచారి. ఆయన చిరునవ్వు నవ్వాడు. ఆచారికి చెమట పట్టింది. బడిలో తాను ఒక్కడే, పిల్లలు బోలెడుమంది అన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు మెరుపులా తట్టింది.

మరునాడు ప్రార్థన కాగానే పిల్లల ఎత్తులు కొలిచారు.

పదో తరగతిలో వన్నూరమ్మ అని ఒక పిల్ల ఉంది. బడి మొత్తానికీ పొడగరి. ఆ ఎత్తు ఆమెకు పెద్ద కష్టం. నలుగురి కంటా పడకుండా ఉండాలని వెనక బెంచీలో నడుం వంచి కూర్చునేది. లెక్కకు జవాబు అందరికంటే ముందు తెలిసినా చెయ్యి ఎత్తేది కాదు, ఎత్తితే ఇంకా పొడుగు కనిపిస్తానని. ఆమె మనసులో ఒకటే ఉండేది. పదిలో మంచి మార్కులు వస్తే ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది. రాకపోతే అమ్మ గంగులమ్మ వెంట శెనక్కాయ చేలల్లో కలుపు తీయడానికి వెళ్లాలి. అన్ని పాఠాలూ వచ్చినట్టే ఉన్నాయి గాని త్రికోణమితి దగ్గర ఆమె బండి ఆగిపోయింది. ఆ ఒక్క పాఠం నసీమా టీచర్ చెబుతుంటే దగ్గరుండి వినాలి. అంతే ఆమె కోరిక.

ఎత్తు కొలిచే కర్ర వన్నూరమ్మ నెత్తి దగ్గర అయిపోయింది. గోవర్ధనాచారి కళ్లు చెమర్చాయి. ఇంత ఎత్తు ఇన్నాళ్లూ గది లోపల వృథాగా పడి ఉందే అని బాధపడి, ఆమెను ప్రథమ శ్రేణి నీడగా ప్రకటించాడు. వన్నూరమ్మ ఏదో అనబోయింది. అంతలోనే తల దించుకుంది. ఆ పిల్ల మౌనం చూసి, చెట్టుకు ఉండవలసిన లక్షణం ఇదేనని ఆయన మెచ్చుకున్నాడు.

ఆమెతో పాటు ఇంకొందరు పొడుగు పిల్లలను ఎంచాక నీడ పని మొదలైంది. పొద్దున తూర్పు వైపు నిలబడాలి, సాయంత్రం పడమటి వైపు. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదికి వస్తే నీడ కురచ అవుతుంది కాబట్టి నడుం వంచి మొక్క మీదికి వాలాలి. మొదటి వారం ఛాయాధికారి తనిఖీకి వచ్చి, ఇది మరీ ముద్ద నీడగా ఉన్నదని ఆక్షేపించాడు. హోస్టాకు కావలసింది ఆకుల సందుల్లోంచి రాలిపడే జల్లెడ నీడ. దాంతో పిల్లలు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు విడదీసి నిలబడసాగారు. చెట్లు గాలికి ఊగును గనుక, డ్రిల్లు సారు ఈల వేసినప్పుడల్లా ఒక పక్కకు ఊగి మళ్లీ నిటారుగా నిలబడేవారు. నీడకు అక్కరకు రాని ఆరో తరగతి పొట్టివాళ్లను పక్షులుగా నియమించారు. వాళ్లు గోడ మీద కూర్చుని కూయాలి. బడి మొత్తంలో పని ఇష్టంగా చేసింది వాళ్లే.

వన్నూరమ్మ పని అన్నిటికంటే సున్నితమైనది. ఆమెది అంచు విభాగం. ఆకుల తెల్లటి అంచుల మీద పడే నీడ ఆమె భుజాల నుంచి రావాలి. అందుకని ఆమె కదలడానికి లేదు. అంచుల మీద ఎండ గట్టిగా పడేది సరిగ్గా మూడో పిరియడ్‌లో. ఆ పిరియడ్ నసీమా టీచర్ లెక్కలు చెప్పే పిరియడ్.

గది కిటికీ పది అడుగుల దూరంలోనే ఉంది. సుద్దముక్క బోర్డు మీద గీరుకునే చప్పుడు వినిపించేది గాని మాటలు వినిపించేవి కావు. డ్రిల్లు సారు ఈల, పక్షుల కూతలు అడ్డం. ఒకరోజు గదిలోని పిల్లలంతా ఒక్కసారిగా తలలు తిప్పి కిటికీలోంచి తనవైపు చూశారు. వన్నూరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. చేతులు పైకెత్తి ఉండటం వల్ల ముఖం దాచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

సాయంత్రం ఇంటికి పోతూ, తన తరగతిలోనే చదివే పక్కింటి మారెక్క సంగతి చెప్పింది.

"ఈ పొద్దు నీ మీదే లెక్క చేసినాం మే. ఎత్తులు, దూరాలు. టీచరు కిటికీలోంచి నిన్ను చూపించి, ఆ పిల్లను స్తంభం అనుకోండి అనె. నీ నీడ పొడుగు కొలిచి, నీ ఎత్తు ఎంతో కనుక్కోవల్ల."

"ఎట్ల కనుక్కున్నారు?"

"ఏమో. టీచరే బోర్డు మీద చేసె. నువ్వు కదలకుండా నిలబడినావు గాబట్టి జవాబు సరిగ్గా వచ్చిందని నిన్ను మెచ్చుకునె కూడా."

"ఆ లెక్క ఎట్ల చేయల్లో చెప్పక్కా."

"నాకేం తెల్సు మే? నేను స్తంభాన్ని చూస్తా ఉంటి."

ఆ రాత్రి వన్నూరమ్మ అన్నం తినలేదు. తరగతిలో త్రికోణమితి అందరూ విన్నారు, స్తంభం తప్ప.

నెల తిరిగేసరికి కూతురి ముఖం కమిలిపోవడం చూసి గంగులమ్మ కూలి మానుకుని బడికి వచ్చింది. గోవర్ధనాచారి ఆమెను కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడాడు. హోస్టా ఇప్పుడు నవారు మంచమంత అయిందనీ, జిల్లాలో దీన్ని మించిన హోస్టా లేదనీ, అందులో వన్నూరమ్మ పాత్ర మరువరానిదనీ చెప్పాడు. గంగులమ్మ అంతా విని, నా కూతురు ఎండలో ఎండిపోతాంటే ఆ ఆకుకు నీడ ఏమిటికి, దాన్ని గదిలోకి పంపండి సార్ అంది.

"చూడమ్మా, మీ కుమార్తె ప్రస్తుతం విద్యార్థిని హోదాలో లేదు. తాత్కాలిక వృక్షంగా వ్యవహరిస్తోంది. వృక్షాన్ని గదిలోకి తీసుకుపోవడానికి నాకు అధికారం లేదు."

"వృక్షమైతే సాయంత్రం మా ఇంటికి ఎందుకు తోలుతారు సార్? ఈడే పాతిపెట్టుకోండి. నాకూ ఒక ముద్ద సంగటి మిగుల్తాది."

గోవర్ధనాచారి ఆ మాటను కొట్టిపారేయలేదు. ఫైలు తిరగేసి, పాతిపెట్టే అంశం మార్గదర్శకాలలో లేదనీ, ఉంటే తప్పక పరిశీలించేవాడిననీ చెప్పి ఆమెను సాగనంపాడు.

హోస్టా పెరిగేకొద్దీ నీడ చాలడం మానేసింది. పదో తరగతిలో మారెక్కలాంటి ఓ మోస్తరు పొడుగువాళ్లను, వాళ్ల వెనక తొమ్మిదో తరగతిని బయటికి తెచ్చారు. తర్వాత ఎనిమిది, ఏడు. గదులు ఖాళీ అయ్యాయి. తెలుగు సారు ఖాళీ బెంచీలకు పద్యం అప్పజెప్పి, ఇంత క్రమశిక్షణ తన సర్వీసులో చూడలేదని మురిసిపోయాడు. పదో తరగతిలో మాత్రం పొట్టివాళ్లు కొందరు మిగిలారు. నసీమా టీచర్ వాళ్లకే పాఠం చెబుతూ వచ్చింది. వన్నూరమ్మను కూడా వదలమని ఆమె ఆచారిని రెండు మూడుసార్లు అడిగింది. చెట్లకు సెలవులు లేవన్నాడాయన. చెట్లు ఏడాదికోసారి ఆకు రాలుస్తాయి కదా సార్ అని ఆమె అంటే, రాల్చదలచినచో ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలన్నాడు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒకరోజు రెండో పిరియడ్ చివర నసీమా టీచర్ కిటికీ దగ్గరికి వచ్చి, గొంతు పెంచి, ఎవరికో చెప్పినట్టు అంది. "ఈ పొద్దు త్రికోణమితి మొదటి నుంచి చెబుతున్నా. ఇదే ఆఖరుసారి."

వన్నూరమ్మ చేతులు పైకెత్తి నిలబడి ఉంది. గంట కొట్టారు. గదిలో సుద్దముక్క గీరుకుంది. డ్రిల్లు సారు ఈల వేశాడు. బడి మొత్తం కుడివైపుకు ఊగింది. వన్నూరమ్మ కూడా ఊగింది. ఊగిన మనిషి మళ్లీ వెనక్కి రాలేదు. ఆ ఊపులోనే ఒక అడుగు పడింది, దాని వెంట మరొకటి. ఎవరైనా పిలిస్తే ఆగిపోయేదే. ఎవరూ పిలవలేదు, ఎందుకంటే చెట్టు నడుస్తుందని ఎవరూ అనుకోరు. ఆమె వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. ఆ పిరియడ్ అంతా తల ఎత్తలేదు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. లెక్కలు సగం అయ్యాయి. మిగతా సగం రేపు చేద్దామని టీచర్ చెప్పింది.

బయటికి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఆమె వదిలిన సందులోంచి ఎండ దూరి ఒక ఆకు తెల్లటి అంచు అప్పడంలా వేగిపోయింది.

మరుసటి రోజు ఛాయాధికారి విచారణకు వచ్చాడు. ఎండలోనే కుర్చీలు వేశారు, ఎందుకంటే అక్కడ ఉన్న నీడంతా హోస్టాకు కేటాయించినది. ఆయన మాడిన అంచును టేపుతో కొలిచి, అటెండరు ఓబులేసు చేత ఆ కొలతను గట్టిగా చదివించి, గోవర్ధనాచారి వైపు తిరిగాడు. ఆచారి వేలు వన్నూరమ్మ వైపు తిరిగింది.

పిల్లలంతా చేతులు పైకెత్తి చూస్తున్నారు. కిటికీలోంచి సుద్దముక్క చప్పుడు వస్తోంది. మిగతా సగం మొదలైపోయినట్టుంది.

"నిన్న మూడవ పిరియడ్ నందు నీ నీడ ఎక్కడ ఉన్నది?" అని అడిగాడు ఛాయాధికారి.

"నా దగ్గరే సార్."

"నీవు ఎక్కడ ఉన్నావు?"

"క్లాసులో సార్."

ఆయన అందరి వైపు గంభీరంగా చూసి వివరించాడు. ఏ నీడ అయితే ప్రభుత్వ మొక్క మీద వినియోగంలో ఉన్నదో అది ప్రభుత్వ నీడ అగును. సదరు నీడను ఈ బాలిక అనుమతి లేకుండా వేరొక ప్రదేశానికి తరలించినది. ఇది మామూలు గైర్హాజరు కాదు. ఇది దుర్వినియోగం. దీనికి ఈ ఏడు పరీక్షకు కూర్చోనివ్వకుండా చేసే వీలున్నది.

పరీక్ష అనే మాటకు వన్నూరమ్మ తల ఎత్తింది. ఎత్తడంతో ఛాయాధికారి మీదుగా ఆమె నీడ వెళ్లి హోస్టా మీద పడింది. ఆ చల్లదనానికి ఆయన మనసు కొంచెం కరిగినట్టుంది. చిన్నపిల్ల గనుక ఒక అవకాశం ఇస్తున్నానన్నాడు.

"నీ నీడను ఇప్పుడే, ఇక్కడే, పదిమంది ఎదుట శాఖకు స్వాధీనం చేయాలి. ఇకమీదట దాని మీద నీకు ఎలాంటి హక్కూ ఉండదు. సమ్మతమేనా?"

వన్నూరమ్మ కిందికి చూసింది. నీడ కాళ్ల దగ్గర మొదలై మొక్క దాకా పొడుగ్గా పడి ఉంది. పుట్టినప్పటి నుంచీ తనను నలుగురి కంటా పడేసింది ఆ పొడుగే. ఇచ్చేయడానికి ఆమెకు ఏ బాధా కలగలేదు.

"తీసుకోండి సార్," అంది.

ఛాయాధికారి లేచి నిలబడి, నీడ కొసన బూటు కాలు మోపి, స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించాడు. ప్రధానోపాధ్యాయుడు సాక్షి. ఓబులేసు రెండో సాక్షి. ముగ్గురూ ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకున్నారు.

వన్నూరమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆమె గొంతు సన్నగా ఉన్నా ఆ ఎండలో అందరికీ వినిపించింది.

"నీడ మీరు తీసుకున్నారు కదా సార్. ఇంక నేను క్లాసుకు పోవచ్చా?"

ఛాయాధికారి ఆచారి వైపు వంగాడు. గోవర్ధనాచారి ఆయన చెవిలో ఏదో అన్నాడు, ఆయన ఈయన చెవిలో ఏదో అన్నాడు. నీడ లేని విద్యార్థిని వల్ల తోటకు ఎలాంటి ప్రయోజనమూ లేదు. పైగా తోటలో ఊరకే నిలబెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. వెళ్లవచ్చునని ఆయన అనుమతించాడు.

ఆమె గదివైపు నడిచింది. నీడ కూడా ఆమె వెంటే బయలుదేరింది.

"సార్," అన్నాడు ఓబులేసు. "నీడ పోతాండాది సార్."

ఛాయాధికారి చూశాడు. నీడ హోస్టా మీది నుంచి జారి, మెట్లు ఎక్కి, గడప దాటుతోంది. ఆయన ముఖంలో రంగు మారింది. నిమిషం కిందటి వరకు అది పోతే బాధ్యత ఆ పిల్లది. ఇప్పుడు పోతే పోగొట్టింది ఎవరు? కాలు మోపి తీసుకున్నది ఎవరు?

"ఏ నీడ?" అన్నాడు.

"ఆ పాప నీడే సార్."

"అది ఇక్కడే ఉన్నది. స్వాధీనంలో ఉన్న నీడ ఎట్లా పోతుంది? ఏమండీ ఆచారి గారూ, మీరు సాక్షి. మీకు కనిపించడం లేదా?"

గోవర్ధనాచారి ఎండకు పగిలిన నేల వైపు తేరిపార చూశాడు. నుదుటి చెమట తుడుచుకుని, ఎంత దట్టంగా ఉంది సార్ అన్నాడు.

ఇది చూసిన మారెక్క చేతులు దించి ముందుకొచ్చింది. తన నీడ కూడా తీసుకోమంది. కాదనడానికి ఛాయాధికారికి కారణం దొరకలేదు. ఆ వెనక తొమ్మిదో తరగతి వరస కట్టింది, దాని వెనక ఎనిమిది. ఆయన కాలు మోపుతూనే ఉన్నాడు, పిల్లలు గదుల్లోకి పోతూనే ఉన్నారు. గోడ మీది పక్షులు కూడా దిగివచ్చి తమ కురచ నీడలు అప్పగించి పోయాయి. డ్రిల్లు సారు ఈల జేబులో వేసుకున్నాడు.

ఆవరణంతా బోసిపోయింది. నడుమ హోస్టా, చుట్టూ స్వాధీనం చేసుకున్న ప్రభుత్వ నీడ. ఇంత నీడను కాపలా లేకుండా వదిలిపోతే ఎవరైనా ఎత్తుకుపోతారని ఛాయాధికారికి భయం పట్టుకుంది. ఆయన తూర్పు వైపు నిలబడ్డాడు. ఆచారిని, ఓబులేసును, డ్రిల్లు సారును తలొక పక్క నిలబెట్టాడు. దగ్గరదగ్గరగా ఉండండి, సందు ఇవ్వకండి అన్నాడు.

లోపల వెనక బెంచీలో వన్నూరమ్మ నోట్సు తెరిచింది. ఒక లెక్క అప్పుడే అయిపోయింది. నసీమా టీచర్ రెండోదానికి బొమ్మ గీసి, కోణం రాసి, ఇక్కడ ఏం చేయాలి అని అడిగింది. వన్నూరమ్మ చెయ్యి ఎత్తింది.

బయట ఛాయాధికారి తన బొజ్జ నీడ కింద చల్లగా ఉన్న హోస్టా ఆకును నిమిరి చూసి, పక్కనున్న ఆచారితో అన్నాడు.

"చూశారా? ఎవరూ లేకపోయినా పిల్లల నీడ ఎంత బాగా పనిచేస్తోందో."